సీలు కవర్లో నలభై ఎనిమిది అంకెలు

మా ఆఫీసులో దాచిన సంగతి బయటికి పొక్కదు. ఆ మాటకొస్తే లోపలికీ పొక్కదు. గోప్యత అంటే ఏమిటో నేర్చుకోవాలని ఎవరికైనా సరదాగా ఉంటే నాగులరేవు పడవల నమోదు కార్యాలయానికి రావచ్చు. బస్టాండులో దిగి సముద్రం వైపు నడిస్తే, సముద్రం కనబడకుండా అడ్డంగా నిలబడ్డ పాత గచ్చు భవనమే మాది. గోడలు రెండు మూరల మందం. తెల్లదొరలు ఉప్పు దాచుకోవడానికి కట్టించారట. అందులో పాతికేళ్లుగా నేను, అంటే హెడ్డుగుమస్తా పెదిరెడ్ల సన్యాసిరావును, ఉద్యోగం చేస్తున్నాను.

మేం చేసే పని చిన్నదే. రేవులో ఉన్న మూడొందల చిల్లర బోట్లకి నంబర్లిచ్చి, ఏ బోటు ఎవరిది, పొడవెంత, ఇంజను నంబరేమిటి అన్నది రిజిస్టర్లో రాసుకుంటాం. ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ వేట నిషేధం. జూన్ పదిహేను తెల్లవారితే నిషేధం ఎత్తేస్తారు. ఆ లోపల రిజిస్టరు చూసి ప్రతి బోటుకీ కొత్త అనుమతి పత్రం ఇవ్వాలి. పత్రం లేని బోటు సముద్రం మీదికి వెళ్తే గస్తీవాళ్లు లాక్కుపోతారు. మా రిజిస్టర్లో ఉన్న నంబరూ, యజమాని పేరూ ఆ బోట్ల మీదే రెండడుగుల అక్షరాలతో రంగు వేసి ఉంటాయి కూడాను.

అలాంటి మాకు ఒక మార్చి నెలాఖరున సర్క్యులరు వచ్చింది. ఎక్కడో, ఏదో శాఖలో, ఎవరిదో కంప్యూటరు పోయిందట. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే అందరికీ భయం పట్టుకుంది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా," అంటూ మొదలైంది ఆ సర్క్యులరు, "శాఖ యందలి ఏ సమాచారము రహస్యమో, ఏది కాదో నిర్ణయించు అధికారము ప్రస్తుతము ఎవరికినీ దఖలు పరచబడి యుండలేదు. కావున తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు సమస్త సమాచారమును రహస్యముగానే భావించి, కంప్యూటరు నందు తాళము వేయవలెను."

తాళమంటే ఇనప తాళం కాదు. ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ అని ఒకటి పంపించారు. అది కంప్యూటర్లో ఉన్న అక్షరాలన్నిటినీ కలగాపులగం చేసి పెడుతుంది. పాస్‌వర్డ్ కొడితే మళ్లీ మామూలు అక్షరాలవుతాయి. కొట్టకపోతే దేవుడు దిగొచ్చినా చదవలేడు. ఇదేం కొత్త విద్య అనిపించలేదు నాకు. మా పాత ఆఫీసరుగారి చేతిరాత కూడా అంతే, కాకపోతే దానికి పాస్‌వర్డ్ ఉండేది కాదు. ఇక కాగితం రిజిస్టర్లకు ఇలాంటి తాళం వేయడం కుదరదు కనుక, వాటిని గోనెసంచుల్లో కుట్టి కేంద్ర కార్యాలయానికి పంపేయమన్నారు. పంపేశాం.

మా అసిస్టెంట్ డైరెక్టరు, అంటే అందరూ ఏ.డి.గారు అనే కొచ్చెర్లకోట పురుషోత్తమరావుగారు, నియమానికి ప్రాణం పెట్టే మనిషి. సర్క్యులరుతో పాటు వచ్చిన పదమూడు నియమాలనూ ఆయన రెండు రోజుల్లో కంఠస్థం చేశారు.

ఏడో నియమం ప్రకారం పాస్‌వర్డ్ ఏ ఒక్క ఉద్యోగికీ పూర్తిగా తెలియకూడదు. అందుకని సగం ఆయన, సగం నేను పెట్టుకున్నాం. రోజూ పొద్దున్న ఆయన తన సగం కొడుతుంటే నేను గోడవైపు తిరిగి నిలబడేవాణ్ని. నేను కొడుతుంటే ఆయన తిరిగేవారు. ఆ గోడకున్న ఎరువుల కంపెనీ క్యాలెండరులో ఏ మందు ఎకరానికి ఎంత వేయాలో నాకు నోటికొచ్చేసింది, నాకు సెంటు భూమి లేకపోయినా. తొమ్మిదో నియమం ప్రకారం పాస్‌వర్డ్‌ను పదిహేను రోజులకోసారి మార్చాలి. ఎక్కడా రాసుకోకూడదు.

"మరచిపోతే ఏంటి బాబూ?" అని అడిగాడు అటెండరు గవర్రాజు. వచ్చే ఏడాది రిటైరవుతాడు, ఎవరికీ భయపడడు.

"ఉద్యోగి మరచిపోరాదు అని వేరే నియమం ఉందయ్యా," అన్నారు ఏ.డి.గారు.

అయినా సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకి మనుషుల మీద అంత నమ్మకం లేదనుకుంటాను. తాళం వేసిన రోజున అది నలభై ఎనిమిది అంకెలున్న ఒక కాగితాన్ని ప్రింటు తీసి ఇచ్చింది. పాస్‌వర్డ్ పోతే ఆ అంకెలు కొట్టి లోపలికి పోవచ్చు. అంకెలు సరిగ్గా ప్రింటయ్యాయో లేదో సహాయ కేంద్రానికి ఫోను చేసి, చదివి వినిపించి, ధ్రువీకరించుకోవాలట. మా గోడల సంగతి చెప్పాను కదా, లోపల ఫోను పలకదు. వరండా చివర, సముద్రం వైపున్న స్తంభం దగ్గర నిలబడితేనే సిగ్నలు.

పదకొండో నియమం ప్రకారం ఆ అంకెలు ఏ ఉద్యోగి చెవినీ పడకూడదు.

"సన్యాసిరావుగారూ, సిబ్బంది అందరూ లోపలికి వెళ్లి తలుపులు వేసుకోండి. చెవుల్లో దూది పెట్టుకోండి," అన్నారు ఏ.డి.గారు.

"దూది ఫస్టెయిడు పెట్టెలోదే బాబూ, అదెప్పుడో అయిపోనాది," అన్నాడు గవర్రాజు.

సిబ్బంది అంటే మేమిద్దరమే. లోపలికి పోయి చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్నాం. కిటికీ అద్దంలోంచి ఏ.డి.గారు కనబడుతూనే ఉన్నారు. ఒక చెయ్యి చెవి మీద, ఒక చేతిలో కాగితం, మెడ నరాలు పొంగేలా అరుస్తున్నారు. వరండా మెట్ల మీద బోటు యజమానులూ గంపలవాళ్లూ ఎప్పటిలాగే కూర్చుని చుట్టలు కాల్చుకుంటున్నారు. అవతలి మిషను "సరిగా వినబడలేదు, దయచేసి మరల చదవండి" అంటోందట. అలా నాలుగుసార్లు చదివించుకుంది.

తర్వాత ఆ కాగితాన్ని ఆయనే కవర్లో పెట్టి, లక్క కరిగించి, సీలు వేసి, ఇనప్పెట్టెలో పెట్టారు.

ఈ ఇనప్పెట్టె గురించి కొంచెం చెప్పాలి. అందులో అప్పటికే పందొమ్మిది సీలు కవర్లు ఉన్నాయి. ఏ కాలంలో ఎవరు పెట్టారో, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. పైన ఏమీ రాసి ఉండదు, రాస్తే రహస్యం ఎలా అవుతుంది? మా ఆఫీసు ఆనవాయితీ ఏమిటంటే, కొత్త ఆఫీసరు చార్జి తీసుకోగానే ఒక్కో పాత కవరునూ విప్పకుండా అలాగే కొత్త కవర్లో పెట్టి, దాని మీద తన సీలు వేస్తాడు. ఆ పైన వచ్చినాయన దాన్ని ఇంకో కవర్లో పెడతాడు. ఆ విధంగా మా దగ్గరున్న రహస్యాలు ఏటేటా లావెక్కుతూ వచ్చాయి.

మే నెలలో ఏ.డి.గారు సతీసమేతంగా కాశీ వెళ్లారు. కాశీకి వెళ్తే ఇష్టమైనదొకటి అక్కడ వదిలేయాలి కదా. ఆయన వంకాయ వదిలేశానన్నారు. కానీ తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాక తెలిసింది, వంకాయతో పాటు పాస్‌వర్డ్‌లో తన సగాన్ని కూడా గంగలో వదిలేసి వచ్చారని.

"ఏదో దేవుడి పేరండీ. ఏ దేవుడో గుర్తు రావడం లేదు," అన్నారు తల పట్టుకుని.

నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన తెలిసిన దేవుళ్లందరినీ కొట్టి చూశారు. పదోసారి తప్పగానే తెర నల్లబడింది. "భద్రతా కారణముల వలన తాళము బిగించబడినది. నలభై ఎనిమిది అంకెల సంఖ్య నమోదు చేయుడు" అని మెరిసింది. మూడొందల బోట్ల జాతకాలూ దాని కడుపులో ఉండిపోయాయి.

జూన్ మూడో తేదీన సూరాడ నూకరత్నం వచ్చింది.

నూకరత్నం రేవులో అందరికీ తెలిసిన మనిషి. యాభై దాటాయి. పొద్దున్నే రేవులో చేపల వేలం పాట నడిపేది ఆవిడే. నలభై గంపలు, నలభై మంది పాటగాళ్లు, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. ఏ గంప ఎవరికి పోయిందో చిత్తుకాగితం లేకుండా సాయంత్రం దాకా తలలో పెట్టుకుంటుంది. తగాదా వస్తే ఆమె మాటే రిజిస్టరు. మొగుడు నాలుగేళ్ల కిందట పోయాడు. ఒక్క బోటు మిగిలింది, దాని మీద వేటకెళ్లే ఆరుగురు కళాసీలు.

"బాబూ, నా బోటు కాయితం ఇచ్చీండి. ఇంజిను సేయించాను, వలలు కుట్టించాను, ఐసు కూడా సెప్పీసేను. కాయితం ఒక్కటే తక్కువ," అంది.

మిగిలిన యజమానులు చాలామంది మార్చిలోనే పత్రాలు తీసుకున్నారు. ఈవిడ బోటుకి ఇంజను మార్చడం వల్ల ఆలస్యమైంది. నేను ఆవిణ్ని ఏ.డి.గారి గదిలోకి తీసుకెళ్లాను.

"అమ్మా, నీకు బోటు ఉన్నదని నాకు తెలుసు. సన్యాసిరావుగారికీ తెలుసు. కానీ కార్యాలయానికి ప్రస్తుతం తెలియదు," అన్నారాయన.

"అదేటి బాబూ, అదిగో, కిటికీలోంచి కనబడతంది కదా నా బోటు!"

"కనబడటం ధ్రువీకరణ కిందికి రాదమ్మా. రిజిస్టరు తెరిచి చూస్తే గానీ..."

"తెరవండి మరి."

ఏ.డి.గారు నా వైపు చూశారు. నేను క్యాలెండరు వైపు చూశాను.

బయటికొచ్చాక ఆవిడ నన్ను వరండాలో నిలబెట్టింది. "సన్నేసి బాబూ, నీకు సెప్తన్నాను. పద్నాలుగో తారీకు సాయంత్రానికి కాయితం నా సేతిలో లేపోతే నా కళాసీలు ఆరుగురూ ఏరే బోటెక్కెల్లిపోతారు. ఆల్లకీ పిల్లలున్నారు, ఆల్లని ఏటనగలను? ఎల్లినోల్లు ఈ ఏడు మరి తిరిగిరారు. కళాసీలు లేని బోటు ఇసకలో పాతేసుకోడానికి తప్ప ఎందుకు? మా ఆయన పోయినకాడి నుంచి నాకున్న ఆదరువు అదొక్కటే." నాకు సిగ్గేసింది. తాళం వేసినవాళ్లలో నేనూ ఒకణ్ని మరి.

ఆ మధ్యాహ్నమే ఏ.డి.గారు వరండా స్తంభం దగ్గర నుంచి సహాయ కేంద్రానికి ఫోను చేశారు. ఇందులో అంకెలేమీ లేవు కనుక నన్ను పక్కనే ఉండనిచ్చారు. ముందు రికార్డు గొంతు పలికింది. "మీ సమస్య మాకు అత్యంత ముఖ్యము. పాస్‌వర్డ్ మరచిపోయినవారు తమ పాస్‌వర్డ్ నమోదు చేసి, ఒకటి నొక్కండి." అరగంట తర్వాత ఒక అమ్మాయి పలికింది. చాలా మర్యాదగా మాట్లాడింది.

"సర్, మీకు 'సాధారణ సమస్యలు, సులభ పరిష్కారాలు' అనే పుస్తకం కంప్యూటర్‌కి పంపాం కదా. ముప్పై ఒకటో పేజీలో మీ సమస్య ఉంది."

"అది తాళం వేసి వచ్చిందమ్మా."

"అవును సర్, గోప్యత. దాన్ని తెరిచే విధానం మూడో పేజీలో ఉంటుంది."

"ఆ మూడో పేజీ తాళం లోపల ఉంది."

"అది చాలా సాధారణ సమస్య సర్, అందరూ అదే చెప్తున్నారు. మీ ఫిర్యాదు నంబరు మీ మెయిల్‌కి పంపించాను. అది చూసి నాకు చెప్తే వెంటనే నమోదు చేసుకుంటాను."

"మెయిలు ఆ కంప్యూటర్లోనే ఉందమ్మా!"

"అయితే సర్, నంబరు లేని ఫిర్యాదు మా దగ్గర ఉండదు కాబట్టి, మీ సమస్య పరిష్కారమైనట్టు నమోదు చేస్తున్నాను. మీ దగ్గర నలభై ఎనిమిది అంకెల సంఖ్య ఉంటే అసలు మాతో పనే లేదు సర్. మా సేవకు అయిదింటికి ఎన్ని నక్షత్రాలిస్తారు?"

ఏ.డి.గారు మర్యాదస్తులు. అయిదూ ఇచ్చారు.

ఇక ఇనప్పెట్టె తెరవక తప్పలేదు. ఇరవై కవర్లలో మాకు కావలసింది పైనే, అన్నిటికన్నా పల్చగా కనబడుతోంది. "సర్, అదే కదా, తీసేద్దామా?" అన్నాను.

"సన్యాసిరావుగారూ, సీనియారిటీ అని ఒకటుంది," అన్నారు ఏ.డి.గారు బాధగా. "నిన్నగాక మొన్న వచ్చిన కవరును ముందు తెరిచి, అరవై ఏళ్ల సర్వీసున్న కవర్లను పక్కన పెడితే రేపు ఆడిట్‌కి ఎవరు సమాధానం చెప్తారు? పాతది ముందు, కొత్తది చివర. ప్రతి పొరకీ పంచనామా, మూడు ప్రతులు. ఇద్దరు సాక్షులు. ఏం వెతుకుతున్నామో సాక్షులకు చెప్పకూడదు."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ పాతికేళ్ల సర్వీసులో ఒళ్లు మండటం, సంతకం పెట్టడం రెండూ ఒకేసారి చేయడం అలవాటైపోయింది. కంప్యూటరు లేదు కనుక పంచనామాలన్నీ నేనే చేత్తో రాయాలి. ఎంత గింజుకున్నా రోజుకి రెండు కవర్ల కన్నా తెమలవు. సెలవులు పోగా పద్నాలుగో తేదీకి సరిగ్గా పది పనిదినాలున్నాయి.

సాక్షులుగా గవర్రాజునీ, బయట ఎలాగూ కూర్చునే ఉంటుంది కదా అని నూకరత్నాన్నీ పిలిచాం.

మొదటి కవరుకి తొమ్మిది పొరలు. లక్క పెచ్చులు గదంతా చిమ్మాయి. చివరి పొరలో పసుపుపచ్చగా మారిన కాగితం ఉంది. ఏ.డి.గారు లేచి నిలబడి చదివారు. "ఈ కార్యాలయమునందు రహస్య పత్రములు ఏవియును లేవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

రెండో దాంట్లో ఒక తాళంచెవి దొరికింది. అది ఆ ఇనప్పెట్టె కింది అరదేనట. ఆ అరను చెవి పోయిందని ఏనాడో సుత్తితో పగలగొట్టించారు. మూడో రోజున తెరిచిన ఒక కవర్లో "ఈ కవరు పొరపాటున సీలు చేయబడినది, గమనించగలరు" అని ఉంది. ఇంకో దాంట్లో ఒక ఆఫీసరుగారు తన బదిలీ సంగతి పండగ దాకా ఇంట్లో తెలియనివ్వొద్దని పైవారికి పెట్టుకున్న అర్జీ బయటపడింది. ఆయన మనవలు కూడా ఇప్పటికి రిటైరై ఉంటారు. ఏ.డి.గారు అన్నిటినీ భక్తిగా చదివి, మళ్లీ కొత్త కవర్లలో పెట్టి సీలు వేశారు.

"ఇన్ని కవర్లు సించుతున్నారు, నా కాయితం ఏ దాంట్లో ఉంది బాబూ?" అని నూకరత్నం రోజుకోసారి అడిగేది. చెప్పకూడదు కనుక చెప్పలేదు. ఆవిడ వేలిముద్ర వేసి, బయటికెళ్లి తన బోటు వైపు చూస్తూ కూర్చునేది. పదకొండో తేదీ నుంచి కళాసీలు ఇద్దరిద్దరుగా వచ్చి కిటికీలోంచి తొంగి చూసి పోవడం మొదలైంది.

పద్నాలుగో తేదీ సాయంత్రం నాలుగింటికి పందొమ్మిదో కవరు అయింది. అందులో ఏమీ లేదు. "ఖాళీ అని రాయండి," అన్నారు ఏ.డి.గారు. మూడు ప్రతుల్లో రాశాను. అప్పుడే పెద్ద కళాసీ గుమ్మం దగ్గరికొచ్చాడు.

"పిన్నీ, అయిదు దాకా సూస్తాం. ఆ రామన్న బోటోడు పిలుస్తున్నాడు. మమ్మల్ని తిట్టుకోవద్దు," అన్నాడు తల వంచుకుని.

నూకరత్నం కొంగు బిగించి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇరవయ్యో కవరు తెరిచాం. ఒక్కటే పొర. ఏ.డి.గారు కాగితం బయటికి తీసి మడత విప్పారు. పైన "పునరుద్ధరణ సంఖ్య" అని శీర్షిక చక్కగా ఉంది. దాని కింద, అంకెలు ఉండాల్సిన చోట, ఈ చివర నుంచి ఆ చివర దాకా దట్టంగా నల్ల సిరా పూసి ఉంది.

ఎండకి పెట్టి చూశాం. వెనక్కి తిప్పి చూశాం. ఒక్క అంకె కనబడలేదు.

"ఇదెవరు చేశారండీ?" అన్నాను.

"నేనే," అన్నారు ఏ.డి.గారు. "పన్నెండో నియమం. ఏ రహస్యమూ చదువుటకు వీలైన స్థితిలో భద్రపరచరాదు. కవరెవరైనా తెరిస్తే కనబడిపోదూ? అందుకని సీలు వేసేముందు నేనే మార్కరుతో పూశాను. రెండు పూతలు."

పదిరోజులు, నూట ముప్పై పొరలు, నాలుగొందల కాగితాలు. పాతికేళ్లలో మొదటిసారి ఆఫీసరు ముందు నా గొంతు లేచింది. "ఏమండీ, ఆ రోజు ఫోన్లో మీరు చదివిన ఆ నలభై ఎనిమిది అంకెల కోసమే కదండీ ఇంతా చేశాం! ఇప్పుడీ మనిషి గతేమిటి?"

నూకరత్నం చటుక్కున తలెత్తింది. "ఏటీ, పోనులో సదివిన అంకెలా? వరండాలో నిలబడి అరిసినారు, అయ్యేనా? ఓలమ్మో! దానికోసరమా ఇన్నాళ్లూ లక్క కాల్సినారు!"

"నీకెలా తెలుసు?" అన్నారు ఏ.డి.గారు నోరు వెళ్లబెట్టి.

"నాలుగుసార్లు అరిసినారు కద బాబూ. నాను మెట్ల మీదే కూకున్నాను. నాలుగోసారి మద్దెలో మీరు తడబడితే మా గంపలోల్లందరం నవ్వుకున్నాం కూడాను. సూడండి, నాలుగూ, ఒకటీ..."

"ఆగు! ఆగమ్మా!" ఏ.డి.గారు రెండు చెవులూ మూసుకుని కేక పెట్టారు. "పదకొండో నియమం! ఉద్యోగుల చెవిని పడకూడదు! సన్యాసిరావుగారూ, చెవులు మూసుకోండి!"

ఆ తర్వాత ఆయన కొంతసేపు గదిలో పచార్లు చేశారు. బయట గోడగడియారం నాలుగున్నర కొట్టింది. "నియమం ప్రకారం తెలియకూడనిది ఉద్యోగికి," అన్నారు చివరికి, ఒక్కో మాటా తూచి. "ఈమె ఉద్యోగి కాదు. కాబట్టి ఈమెకు తెలియడంలో నియమోల్లంఘన లేదు. మనం వినకూడదు, చూడకూడదు. అంతే. అమ్మా, నీకు అంకెలు గుర్తుపట్టడం వచ్చా?"

"సెల్లులో నొక్కుతున్నాను కదేటి."

అలా ఆ సాయంత్రం నాగులరేవు పడవల నమోదు కార్యాలయపు సిబ్బంది యావత్తూ, ఏ.డి.గారు, నేను, గవర్రాజు, వరుసగా గోడవైపు తిరిగి, చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడ్డాం. మా వెనకాల నూకరత్నం ఏ.డి.గారి కుర్చీలో కూర్చుని, చూపుడువేలితో ఒక్కో అంకే నొక్కింది. నాకేమీ వినబడలేదు. ఎకరానికి యాభై కిలోలు, ఎకరానికి యాభై కిలోలు అనుకుంటూ ఉన్నాను. మనసులో మాత్రం తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, ఏ.డి.గారి పాస్‌వర్డ్‌లో ఉన్న దేవుడితో సహా.

నా భుజం మీద చెయ్యి పడింది. "తిరుగు బాబూ. ఏదో తెల్లగా ఒచ్చింది."

రిజిస్టరు తెరుచుకుంది. మూడొందల బోట్లూ వరుసగా ఉన్నాయి. నేను నా ఉద్యోగ జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పని చేయలేదు. పత్రం ప్రింటయి, సంతకమై, ముద్ర పడేసరికి అయిదుకి ఆరు నిమిషాలు తక్కువ. నూకరత్నం దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, "రేయ్, ఆగండ్రా!" అని అరుస్తూ రేవు వైపు పరిగెత్తింది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు ఈవిడ?" అన్నారు ఏ.డి.గారు కిటికీలోంచి చూస్తూ.

"ఆయమ్మ కాయితం అడిగింది. అంకెలు కావాలని ఆయమ్మని మనమెప్పుడడిగాం బాబూ?" అన్నాడు గవర్రాజు.

మర్నాడు తెల్లారగట్ల నేను పనిగట్టుకుని రేవుకి వెళ్లాను. అలల మీద ఎగిరిపడుతూ నూకరత్నం బోటు పోతోంది. ఆరుగురూ దాని మీదే ఉన్నారు. చాలా సంతోషమేసింది. పక్కన రెండడుగుల అక్షరాలతో నంబరు కూడా కనబడింది గానీ, రహస్యం కనుక ఇక్కడ రాయను.

నెల తిరక్కుండా కేంద్ర కార్యాలయం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. తాళం వేసిన తర్వాత ఒక్క అక్షరమూ ఎవరి చేతికీ చిక్కని కార్యాలయం రాష్ట్రం మొత్తం మీద మాదొక్కటేనట. దాంతో పాటు, అంకెలు ఒకసారి వాడితే మార్చాలన్న పదమూడో నియమాన్ని కూడా గుర్తు చేశారు. కొత్త నలభై ఎనిమిది అంకెలు ప్రింటయ్యాయి. ఏ.డి.గారు మమ్మల్ని లోపలికి పంపి, తలుపులు వేయించి, వరండా స్తంభం దగ్గరికి వెళ్లి ఫోనందుకున్నారు. నేను చెవుల్లో వేళ్లు పెట్టుకుని కిటికీలోంచి చూశాను. ఆ రోజు నూకరత్నం మాకోసం వంజరం చేప ఒకటి తెచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. ఏ.డి.గారు నోరు తెరవగానే, ఆవిడ నోట్లోని చుట్ట తీసి పక్కన పెట్టి, కొంచెం ఆయన వైపు జరిగింది.

ఆగస్టులో ఏ.డి.గారికి బదిలీ అయింది. చార్జి అప్పగింత జాబితా నేనే రాశాను. కుర్చీలు ఎనిమిది, బీరువాలు మూడు, ఇనప్పెట్టె ఒకటి, సీలు కవర్లు ఇరవై ఒకటి. అన్నీ రాశాక, ఏ.డి.గారు చాలాసేపు ఆలోచించి, నిజం దాచడం నియమ విరుద్ధమని, నలభై మూడో ఐటమ్ తానే చెప్పి రాయించారు: "పునరుద్ధరణ సంఖ్య. బోటు యజమాని శ్రీమతి సూరాడ నూకరత్నం వద్ద కలదు. స్థితి: పనిచేయుచున్నది."

కొత్తగా వచ్చిన ఏ.డి.గారు జాబితా అంతా వేలు పెట్టి చదివారు. నలభై మూడు దగ్గర ఆగారు. ఇంత ముఖ్యమైన రహస్యం సీలు లేకుండా వరండాలో పడి ఉండటమేమిటని ఆశ్చర్యపోయారు. "ఈ ఆఫీసు ఆనవాయితీ ఉందిగా? ఈ ఐటమ్‌ను వెంటనే కవర్లో పెట్టి నా సీలు వేయించండి," అన్నారు.

నేను బయటికొచ్చి నూకరత్నానికి ఆ సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు సముద్రం వైపు చూసి ఆలోచించింది.

"అలాగే కూకుంటాను బాబూ, మీ ఉజ్జోగానికి మాటెందుకు రావాల," అంది. "కానీ కవరు కొంచెం పెద్దది తెమ్మను. గంప కూడా పట్టాల."

నేను లోపలికి వెళ్లి కవరు సైజు విషయమై కొత్త నోట్‌ఫైలు తెరిచాను.